లైసెన్సు వదినది

చిన్నమ్మాయికి నలభై ఏడేళ్ళు. ఇంట్లో ఆఖరిది కావడంతో పుట్టినప్పుడు పడిన ఆ పేరు జుట్టు నెరిసినా వదల్లేదు. డ్రోన్ ఎగరేయడం ఆమె బతుకుతెరువు. పెళ్ళిళ్ళూ, కొత్తగా లేస్తున్న భవనాలూ, తగాదాల్లో ఉన్న పొలం గట్లూ, ఏది పై నుంచి చూడాలన్నా చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు ఆమెకే ఫోన్ చేస్తారు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా డ్రోన్‌ను నేలకు కొట్టలేదని ఆమెకు కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే గర్వం.

వదిన భూగోళం టీచరు. నిరుడే రిటైరయింది. ముప్పై రెండేళ్ళపాటు ఏటా ఎనిమిదో తరగతి నల్లబల్ల మీద నీలం సుద్దతో వంకరటింకర నదిని గీసి, వరదొచ్చినప్పుడు ఆ నది ఒక వంపును వదిలేసి తిన్నగా ఎలా పారుతుందో, వదిలేసిన వంపు గుర్రపు లాడం ఆకారంలో చెరువుగా ఎలా మిగిలిపోతుందో పిల్లలకు చెప్పింది. పాఠ్యపుస్తకంలో అలాంటి చెరువు ఫొటో ఒకటి ఉండేది. నలుపూ తెలుపూ కలిసిపోయిన మసక బొమ్మ. దాని కింద ఒక దేశం పేరు, ఒక నది పేరు.

"ఇన్నేళ్ళూ చూడని దాని గురించి చెప్పాను. చూసిన దాని గురించి ఒక్కసారైనా చెప్పుకోవాలే," అంది రిటైరైన నెలలోనే.

ఆ ఫొటోలోని చెరువు చూసొద్దామని అన్నయ్యను కదిలిస్తే, "నా మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?" అని చేతులెత్తేశాడు. ఆయన వీధి చివరి దుకాణానికి వెళ్ళడానికే ముహూర్తం చూసే మనిషి. దాంతో ఆడపడుచు బయలుదేరింది. వదినకు మోకాళ్ళ నొప్పులు, ఎత్తులు ఎక్కలేదు. పైగా ఆ చెరువు చుట్టూ అంతా చదును, అలాంటి చెరువు ఆకారం తెలియాలంటే పై నుంచి చూడాల్సిందే. "నువ్వు కుర్చీలో కూర్చో వదినా. నేను పైకి పంపిస్తా. నీ చెరువు నీ ఒళ్ళోకి వస్తుంది," అని మాటిచ్చింది చిన్నమ్మాయి.

విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసే బల్ల దగ్గర ఆ మాటకు మొదటి దెబ్బ తగిలింది.

బల్ల వెనక ఉన్న కస్టమ్స్ అధికారిణి సంచీలోంచి డ్రోన్‌ను పైకి తీసి, పిల్లిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. అటూ ఇటూ అంతంతమాత్రం ఇంగ్లీషులోనే మాటలు సాగాయి.

"దీనికి రిజిస్ట్రేషన్ ఉందా?"

"అక్కర్లేదండీ. రెండు వందల యాభై గ్రాముల లోపే. చిన్నవాటికి మినహాయింపు ఉందని మీ వెబ్‌సైట్‌లోనే చదివాను."

"ఎప్పుడు చదివారు?"

"టికెట్లు కొన్నప్పుడు. నాలుగు నెలలైంది."

"రూలు మారి రెండు నెలలైంది. బరువుతో పని లేదు. కెమెరా ఉంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎగరేసేవాళ్ళకు లైసెన్సు ఉండాలి."

ఇక డ్రోన్ పోయినట్టే అనుకుంది చిన్నమ్మాయి. లాక్కుంటారు, తిరిగి వెళ్ళేటప్పుడు ఇస్తారు, ఇస్తే ఇచ్చినట్టు. పక్కనున్న వదిన తనను ఏమీ అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. ఊళ్ళో అందరికీ నియమాలు చెప్పే తనే, బయలుదేరే ముందు మళ్ళీ ఒక్కసారి చూసుకోకుండా పప్పులో కాలేసింది.

కానీ అధికారిణి లాక్కోలేదు. డ్రోన్‌ను ఒక మందపాటి సంచీలో పెట్టి, మూతికి ఎర్ర ప్లాస్టిక్ సీలు బిగించి, కాగితం మీద ముద్ర గుద్ది ఇచ్చింది. "మీరు వెళ్ళే ఊళ్ళోనే జిల్లా విమానయాన కార్యాలయం ఉంది. అక్కడ పరీక్ష రాయండి. పాసైతే వాళ్ళే సీలు కోస్తారు. మీరు కోస్తే మాత్రం కేసు," అని చెప్పి, ఎందుకో వదిన వైపు చూసి నవ్వింది. "మీరు ముందే బ్యాగు తెరిచి చూపించారు. దాచిపెట్టుంటే ఇక్కడే ఉండిపోయేది."

బ్యాగు తెరిచి చూపించింది వదినే. 'చెప్పాల్సినవి ఉన్నవాళ్ళు ఇటు' అని రాసి ఉన్న వరుసలో నిలబడదామన్నదీ వదినే.

జిల్లా విమానయాన కార్యాలయం అంటే ఏదో పెద్ద భవనం అనుకున్నారు. తీరా చూస్తే నీటి సరఫరా ఆఫీసు పైఅంతస్తులో రెండు గదులు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, గోడకు ఒక పటం, మూల ఒక కంప్యూటరు. లోపలి గదిలో గుమస్తా. పొట్టి మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, వాటి కోసం బల్లంతా వెతుక్కునే రకం.

ఆయన రిజిస్ట్రేషన్‌కూ లైసెన్సుకూ దరఖాస్తులు నింపించుకుని, ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టాడు. "ముప్పై పేజీలు. చదువుకుని ఆ కంప్యూటరులో పరీక్ష రాయండి. ఇరవై ప్రశ్నలు. పదహారు సరిగ్గా ఉంటే పాసు."

చిన్నమ్మాయి పుస్తకాన్ని రెండు నిమిషాలు తిరగేసి బల్ల మీద పెట్టేసింది. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని. తాతకు దగ్గులు నేర్పడం కాకపోతే ఏమిటి!

వదిన ఆ పుస్తకం తీసుకుంది. ఆమెకు అచ్చులో ఉన్నదేది కనిపించినా చదవకుండా ఉండలేని జబ్బు. మందు సీసాతో వచ్చే కాగితం కూడా చివరిదాకా చదువుతుంది. చేతిసంచీలోంచి పెన్సిలు తీసి గీతలు పెట్టుకుంటూ చదవసాగింది.

"అమ్మా, మీరూ రాయొచ్చు," అన్నాడు గుమస్తా, అద్దాలు దొరికిన సంతోషంలో. "డ్రోన్ ఎగిరేటప్పుడు దాన్నే చూస్తూ ఉండే పరిశీలకులు ఒకరుండాలి. వాళ్ళకు పరీక్ష తప్పనిసరి కాదు, కానీ రాస్తే మంచిదే."

"రాస్తాను," అంది వదిన. ముప్పై రెండేళ్ళు ఇతరుల పేపర్లు దిద్దిన చెయ్యి, ఒక పరీక్ష ఎదురుగా ఉంటే ఊరుకుంటుందా?

ముందు చిన్నమ్మాయి కూర్చుంది. పావుగంటలో టకటకా నొక్కేసి లేచింది. తెర మీద పదమూడు అని వచ్చింది.

ఏదో పొరపాటనుకుంది. గుమస్తా వచ్చి చూశాడు. పొరపాటు కాదు. ఎంత ఎత్తు వరకు ఎగరేయొచ్చంటే నూట ఇరవై మీటర్లని నొక్కింది, ఇక్కడ అరవై. మనుషులకు ఎంత దూరంలో ఉండాలి, ఇళ్ళ మీదుగా వెళ్ళొచ్చా, పక్షి అడ్డొస్తే ఏం చేయాలి, అన్నిటికీ సొంత ఊరి జవాబులే ఇచ్చింది. చేతికి పట్టిన అలవాటే చేటు చేసింది.

"మళ్ళీ రాస్తానండీ. ఇప్పుడే."

"పద్నాలుగు రోజుల తర్వాతే రాయాలమ్మా."

"మేముండేదే తొమ్మిది రోజులు!"

గుమస్తా పాపం అన్నట్టు చూశాడు గానీ, రూలు కదిలించే అధికారం ఆ చూపుకు లేదు.

ఈలోగా వదిన కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో ప్రశ్ననూ రెండేసి సార్లు చదువుతూ, ముప్పావుగంట రాసింది. పంతొమ్మిది వచ్చాయి. ఆ తప్పిన ఒక్కదాని గురించి గుమస్తాతో వాదన వేసుకుంది. "గాలి ఏ దిక్కు నుంచి వీస్తే ఆ దిక్కు పేరే దానికి పెట్టాలి. మీ ప్రశ్నలో 'పడమటి వైపు గాలి' అని ఉంది. పడమట నుంచా, పడమటికా? పిల్లలకు ఇలాంటి ప్రశ్న ఇస్తే మా హెడ్‌మిస్ట్రెస్ ఊరుకునేది కాదు." గుమస్తా ఆ మాట నిజమేనని ఒప్పుకుని, పై ఆఫీసుకు రాస్తానని కాగితం మీద నోటు చేసుకున్నాడు.

తర్వాత కత్తెర తీసి ఎర్ర సీలు కోసి, ముద్ర వేసిన లైసెన్సు కార్డు వదిన చేతికిచ్చాడు. "ఎగరేయాల్సింది మీరు. రిమోటు మీ చేతిలోనే ఉండాలి. ఈవిడ పరిశీలకురాలు."

మెట్లు దిగుతుంటే వదిన కాస్త ఇబ్బందిగా, "ఏమే, కోపమొచ్చిందా?" అంది.

"కోపమెందుకు? నువ్వేమన్నా కాపీ కొట్టావా?" అంది చిన్నమ్మాయి. నాలుగు మెట్లు దిగాక ఆగింది. "వచ్చింది. కానీ నీ మీద కాదులే."

ఎగరేయడం నేర్చుకోవడానికి ఊరి చివర ఒక ఆటస్థలాన్ని గుమస్తాయే చూపించాడు. పొద్దున్నే అక్కడ ఎవరూ ఉండరు. బస చేసిన ఇంటి నుంచి పది నిమిషాల నడక. వదిన మోకాళ్ళకు ఇరవై నిమిషాలు.

మొదటి పొద్దు మహా గందరగోళంగా గడిచింది. వదిన రిమోటు మీది రెండు పుల్లలనూ సుద్దముక్క పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. డ్రోన్ రేగిన తేనెటీగలా రొద చేస్తూ లేచి, ఎటు పోవాలో తెలియక ఊగింది.

"ఎడమకి, వదినా! ఎడమకి!"

"నా ఎడమా, దాని ఎడమా?"

"అది నీ వైపు తిరిగుంది, అంటే... నీ కుడి!"

"ఏదో ఒకటి చెప్పవే!"

డ్రోన్ వెళ్ళి గోల్‌పోస్టు వల పక్కనుంచి జానెడు దూరంలో దూసుకుపోయి, గడ్డిలో కూలబడింది. రెక్కలకేమీ కాలేదు. చిన్నమ్మాయికి మాత్రం ప్రాణం పోయి వచ్చింది. దాన్ని తెచ్చి, గడ్డిపోచలు దులిపి, చుట్టూ చూసింది. మైదానమంతా ఖాళీ.

"ఎవరు చూస్తారు వదినా? ఇలా ఇవ్వు. చెరువు దగ్గర కూడా నేనే ఎగరేస్తా, నువ్వు పక్కన కార్డు పట్టుకుని నిలబడు."

"నేను చూస్తానుగా," అంది వదిన.

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. పరీక్ష హాల్లో తలతిప్పిన పిల్లతో 'నీ పేపరు నువ్వు రాసుకోమ్మా' అన్నట్టుగానే అంది. చిన్నమ్మాయికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి వెనక్కి కట్టుకుంది.

ఆ రోజంతా చేతులు కట్టుకునే నేర్పింది. తనకెలా వచ్చిందో తనకే తెలియని విద్యను మాటల్లో పెట్టాల్సి రావడం ఆమెకు కొత్త. "గట్టిగా పట్టుకోకు, వేలు ఆనించు చాలు... తోసి ఆపెయ్, అది తనంతట తనే నిలబడుతుంది... భయమేస్తే రెండు వేళ్ళూ తీసెయ్, అంతే." చెబుతుంటే, భయమేసినప్పుడు తను ఎనిమిదేళ్ళుగా చేస్తున్నదీ అదేనని అర్థమైంది. రెండో రోజు వదిన మైదానం చుట్టూ ఒక గుండ్రం తిప్పింది. మూడో రోజు నది వంపులా ఎనిమిది అంకె తిప్పి, గీత మీద దింపింది. దిగాక, ముక్కు చివర చెమట తుడుచుకుంటూ, "టీచరు మంచిదైతే పిల్లలకు ఎందుకు రాదు?" అంది. చిన్నమ్మాయికి పాత గర్వం పోయిన చోట ఇంకో రకం గర్వం మొలిచింది.

నాలుగో రోజు బస్సెక్కి చెరువుకు వెళ్ళారు.

అది పక్షుల రక్షిత ప్రాంతం. దారి మొదట్లో చెక్క గది, దాని ముందు సంరక్షకుడు. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బూట్లు, మెడలో దుర్భిణి. డ్రోన్ అనగానే అతని మొహం మాడిపోయింది. "కిందటేడు ఒకాయన చెప్పా పెట్టకుండా ఎగరేశాడు. గూళ్ళ మీద కూర్చున్న కొంగలన్నీ లేచిపోయాయి. మూడు రోజులు తిరిగి రాలేదు."

వదిన లైసెన్సూ, విమానయాన ఆఫీసు ఇచ్చిన అనుమతీ, వాటితో పాటు తను గీసిన పటమూ బల్ల మీద పెట్టింది. ఆ పటంలో ఉత్తర దిక్కు బాణం ఉంది, కొలమానం ఉంది, డ్రోన్ వెళ్ళే దారి ఎర్ర పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా ఉంది. సంరక్షకుడు చాలాసేపు చూశాడు.

"ఇది మీరే గీశారా?"

"వేరే ఎవరు గీస్తారండీ? గూళ్ళు ఎక్కడున్నాయో చెప్పండి, అటు చుక్కలు చెరిపేస్తాను."

అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. పడమటి ఒడ్డున రెల్లులో గూళ్ళున్నాయన్నాడు, వదిన చెరిపేసింది. తూర్పున మట్టిదిబ్బ మీద నుంచి ఎగరేయమన్నాడు. అక్కడో చుక్క పెట్టింది. నలభై మీటర్ల కంటే కిందికి రాకూడదు, పక్షి ఏదైనా దగ్గరకొస్తే వెంటనే దించేయాలి. ఇవాళ్టికి ఒక్కసారే. "నేనూ వస్తాను," అని లేచాడు. దిబ్బ ఎక్కేటప్పుడు వదినకు చెయ్యి అందించింది కూడా అతనే.

డ్రోన్ లేచింది. రూలు ప్రకారం వదిన రిమోటు తెరను చూస్తూ నడపాలి, పరిశీలకురాలు కళ్ళతో డ్రోన్‌నే చూస్తూ ఉండాలి. ఇన్నేళ్ళలో చిన్నమ్మాయి ఎగురుతున్న డ్రోన్‌ను ఇంతసేపు తలెత్తి చూసిందే లేదు. ఆమె కళ్ళెప్పుడూ తెర మీదే. ఇప్పుడు చూస్తుంటే అది ఆకాశంలో గింజంత అయిపోయింది. దాని వెనక అంత ఆకాశం ఉంది. మబ్బులు ఒకదాని కిందుగా ఒకటి వేరువేరు వేగాలతో పోతున్నాయి. నీటి వాసన, రెల్లు గరగర, దూరంగా ఏవో పక్షుల గోల. మెడ నొప్పి పుడుతున్నా కళ్ళు దించబుద్ధి కాలేదు.

పక్కనుంచి వదిన గొంతు వినిపించింది.

"అదిగో... మెడ."

"ఏమిటీ?"

"నది తెంచుకున్న చోటే. నేను నల్లబల్ల మీద తుడిచేసేదాన్నే, డస్టరుతో... అక్కడే ఇసుక మేట వేసింది. సరిగ్గా అక్కడే!" తెర మీదికి వంగి మళ్ళీ అంది. "నీలంగా ఉండదే. ఆకుపచ్చ. ఇన్నేళ్ళూ పిల్లలకు నీలం అని చెప్పాను."

చిన్నమ్మాయికి తెర వైపు చూడాలని కళ్ళు లాగాయి. చూడలేదు. చూడకపోబట్టే, మబ్బు అంచు నుంచి ఒక నల్లటి గీత గింజ వైపు తిరగడం కనిపెట్టగలిగింది.

"వదినా, గద్ద! నీ కుడి నుంచి, పై నుంచి. దించెయ్!"

వదిన 'నా కుడా దాని కుడా' అని అడగలేదు. డ్రోన్‌ను వెనక్కి లాగి, దిబ్బ మీదికి తెచ్చి, కాళ్ళ ముందు దించింది. గద్ద ఒక చుట్టు తిరిగి, తన ఆకాశం తనకు దక్కిందనుకుని వెళ్ళిపోయింది. మొత్తం ఎగిరింది ఆరు నిమిషాలు.

"చాలా?" అంది చిన్నమ్మాయి, దిగులుగా.

"ముప్పై రెండేళ్ళ పాఠం ఆరు నిమిషాల్లో అయింది. ఇంకేం కావాలే?" అంది వదిన. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం మార్కుల లిస్టులో మొదటి పేరు తనదే చూసుకున్న పిల్లలా వెలిగిపోతోంది.

చెక్క గదిలో టీ తాగుతూ ఆ వీడియోను ముగ్గురూ మళ్ళీ చూశారు. సంరక్షకుడికి పదిహేడేళ్ళుగా ఆ చెరువే లోకం, కానీ పై నుంచి చూడటం అతనికీ ఇదే మొదలు. ఒకచోట వదిన వేలు చటుక్కున తెర మీద ఆగింది.

"ఇదేమిటి?"

చెరువుకు అవతల, గడ్డిలో, ముదురు పచ్చగా ఒక వంపు. చూడగా చూడగా అది కూడా లాడం ఆకారమే. ఎప్పుడో పూడిపోయి, గడ్డి రంగులో మాత్రమే మిగిలింది.

"ఇది దీనికంటే పాతది. నది అంతకు ముందు ఇటు పారేది," అంది వదిన. "ఆ మూల కనిపిస్తున్న ఇళ్ళు ఎవరివి?"

సంరక్షకుడు టీ కప్పు కింద పెట్టాడు. "ఆ ఎర్ర కప్పు మాదే."

అతను నవ్వుతూ, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. వాళ్ళ నాన్నకు ఎనభై నాలుగేళ్ళు. తన తాత కాలంలో తమ గుమ్మం ముందే పడవల రేవు ఉండేదని ఆయన చిన్నప్పటి నుంచీ అందరికీ చెబుతాడు. నదేమో మైలు అవతల. అందుకని నీళ్ళు లేని చోట పడవ నడిపేవాడన్నట్టు ఊళ్ళో ఆయనకు 'పొడినేల సరంగు' అని పేరు పెట్టారు. "నేనూ నవ్వేవాణ్ణే," అన్నాడు. "మీరు ఒక్కసారి మా ఇంటికి రాగలరా?"

జీపులో అయిదు నిమిషాలు. ముసలాయన పెరట్లో ఎండకు కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. కొడుకు ఆయన భాషలో ఏదో చెప్పాడు. ఆయన బఠాణీల గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, రిమోటును ఒళ్ళోకి తీసుకున్నాడు. వదిన ఆయన పక్కనే పీట మీద కూర్చుని ఆ పచ్చటి వంపును చూపించింది. ఆయనా వేలు పెట్టాడు. వేలు తగలగానే బొమ్మ జరిగిపోయింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. వదిన మళ్ళీ సరిచేసి, ఆయన వేలిని తెరకు తగలకుండా పైపైన పట్టుకుని, నది పారిన దారంతా నడిపించింది. ఎర్ర కప్పు దగ్గరకు వచ్చేసరికి ఆయన వేలు దానంతట అదే ఆగింది.

ముసలాయన కర్ర పట్టుకుని లేచి, గుమ్మం ముందుకు వెళ్ళి, ఒకచోట కర్రతో నేల మీద కొట్టి ఏదో అన్నాడు.

"పడవ ఇక్కడ ఆగేదట," అన్నాడు కొడుకు.

వదిన వెళ్ళి ఆయన చూపించిన చోట నిలబడింది. ఇద్దరూ మైలు అవతలి నది వైపు చూస్తున్నారు. మాటలు కలవని ఆ ఇద్దరూ ఒకరికొకరు చేతులతో ఏదో చెప్పుకుంటూ, తలలూపుకుంటూ ఉంటే, చిన్నమ్మాయి గుమ్మం మెట్టు మీద కూర్చుని, గిన్నె ముందుకు లాక్కుని, మిగిలిన బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది. చేతులకు పని దొరికింది. ఒంటికి ఎండ హాయిగా తగులుతోంది.

ముసలాయన ఉన్నట్టుండి గొంతు పెంచి కొడుకును కేకేశాడు.

"ఏమంటున్నారు?" అంది వదిన కంగారుగా.

సంరక్షకుడు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "ముందు ఆ ఎదురింటివాణ్ణి పిలవమంటున్నాడు. తర్వాత పక్కింటివాణ్ణి. మీ బస్సు ఎన్నింటికని అడుగుతున్నాడు."

"అయిదింటికని చెప్పండి," అంది చిన్నమ్మాయి. "రిమోటులో బ్యాటరీ నిండుగా ఉంది."